చిన్న తూటా.. పెద్దపులి

ఉత్తరాఖండ్‌లో పులుల పార్కు ఉంది కదా, జిమ్ కార్బెట్ పార్కు. పార్కు పేరు విననివాళ్లు తక్కువ. ఆ మనిషి కథ తెలిసినవాళ్లు మాత్రం కొద్దిమందే. అతని భుజాన వేలాడిన తుపాకీ కథ తెలిసినవాళ్లు మరీ తక్కువ.

కార్బెట్ 1875 జులై 25న నైనిటాల్‌లో పుట్టాడు. తండ్రి అక్కడ పోస్టుమాస్టరు. పిల్లాడి చిన్నతనంలోనే పోయాడు. చలికాలం వస్తే కుటుంబం కొండ దిగి కాలాధుంగికి చేరేది. ఇంటి పక్కనే అడవి. పిల్లాడి చేతికొచ్చిన మొదటి తుపాకీ గొట్టంలో మందు దట్టించి పేల్చే పాతది. రెండు గొట్టాల్లో కుడిది చీలిపోయింది. విడిపోకుండా ఇత్తడి తీగ చుట్టారు. మిగిలిన ఒక్క గొట్టంతోనే అడవంతా తిరిగాడు. ఒక్క దెబ్బే ఉందని తెలిసినవాడు గురి చూడటం నేర్చుకోక ఏం చేస్తాడు!

వేట అతనికి బతుకుతెరువు కాదు. పొట్టకూటికి రైల్వేలో చేరాడు. తర్వాత బీహార్‌లో గంగ ఒడ్డున మొకామె ఘాట్ దగ్గర సరుకు దించి ఎక్కించే కాంట్రాక్టు తీసుకున్నాడు. ఇరవై ఏళ్లకు పైగా అదే పని. మొదట్లో నెలల తరబడి రైల్వే నుంచి డబ్బు రాలేదు. కూలీలకు జీతాల్లేవు. కాంట్రాక్టరు కూడా వాళ్లతోపాటే బొగ్గు మోశాడు, పస్తులున్నాడు. జీతం ఆగితే క్యాంపులో ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

1907లో చంపావత్ పులి కోసం కబురొచ్చింది. నేపాల్‌లోనూ కుమావ్ కొండల్లోనూ కలిపి 436 మందిని చంపిందని లెక్క. కార్బెట్ చేతిలో ఉన్నది పాయింట్ 500 రైఫిల్, జేబులో మూడే తూటాలు. మూడూ అయిపోయాయి, పులి ఇంకా చావలేదు. పరుగెత్తుకెళ్లి తాసిల్దారు దగ్గర పాత తుపాకీ అడిగి తెచ్చి పని ముగించాడు. తీరా చూస్తే ఆ ఆడపులికి కుడివైపు కోరలు రెండూ విరిగి ఉన్నాయి. ఎవరో ఎప్పుడో కాల్చి సరిగా తగలక వదిలేసిన దెబ్బ అది. జింకను పట్టలేని పులి మనిషి మీద పడింది. ఆ చేతకాని దెబ్బకి 436 ప్రాణాలు!

అందుకు బహుమానంగా గవర్నరు హ్యూయెట్ ఇచ్చిందే పాయింట్ 275 రిగ్బీ. పేరు ఇంగ్లిషుదైనా తూటా మాత్రం జర్మనీ మౌజర్ కంపెనీ 1890ల్లో సైన్యం కోసం చేసిన 7 మిల్లీమీటర్లదే. పులి మీదికి ఇంత చిన్నదా అంటారు.

ఇప్పటి వేటగాళ్లకి మేగ్నం కావాలి. అంటే తూటాలో మందు ఎక్కువ, గుండు వేగం ఎక్కువ. అమెరికా కంపెనీ రెమింగ్టన్ 1962లో తెచ్చిన 7 ఎం.ఎం. మేగ్నమే చూడండి. గుండు మందం రెండింటికీ దాదాపు ఒకటే. కార్బెట్ తూటా సెకనుకి సుమారు 800 మీటర్లు పోతే ఇది 900 దాటుతుంది. దెబ్బ బలం దాదాపు నలభై శాతం ఎక్కువ. మూడొందల మీటర్ల దూరంలోనూ గుండు అంతగా కిందికి వాలదు. బదులుగా భుజాన్ని గట్టిగా తంతుంది. ఆ తన్నుకి జడిసి ట్రిగ్గర్ నొక్కేముందే కళ్లు మూసుకునేవాళ్లున్నారు. అప్పుడు ఎంత మేగ్నం అయితే ఏం లాభం? బలమైన గుండు కూడా దవడకి తగిలితే మరో చంపావత్ పులే.

కార్బెట్‌కి దూరంతో పనిలేదు. పొదల్లో, అడుగుల దూరంలో అతని వేట. బరువైన డబుల్ బ్యారెల్ పాయింట్ 450/400 కూడా ఉండేది, వాడాడు కూడా. కానీ 1930 ఏప్రిల్‌లో చౌగఢ్ పులి ఎదురైన రోజున చేతిలో ఉన్నది చిన్న రిగ్బీ. ఎడమ చేతిలో దారిలో ఏరుకున్న రెండు పిట్టగుడ్లు! బండ మలుపు తిరిగి పక్కకి చూస్తే ఎనిమిది అడుగుల్లో పులి. కదిలితే మీద పడుతుంది. తుపాకీని ఒంటిచేత్తో అంగుళం అంగుళం తిప్పి పేల్చాడు. గుండు వెన్ను, గుండె రెండింటినీ చీల్చింది. పెద్ద తుపాకీ అయితే ఒంటిచేత్తో తిరిగేదా? గుడ్లు మాత్రం పగల్లేదు.

అంతకుముందు 1926లో 125 మందిని చంపిన రుద్రప్రయాగ చిరుతనూ రిగ్బీతోనే కూల్చాడు. చీకట్లో, చెట్టు మీద రాత్రుల తరబడి కూచుని. తర్వాత తర్వాత తుపాకీ కన్నా కెమెరా మీదే మనసు పోయింది. అడవుల రక్షణ కోసం మాట్లాడాడు. 1936లో హేలీ పేరుతో వచ్చిన పార్కుకి 1957లో అతని పేరే పెట్టారు. మన దేశంలో 1972 చట్టం తర్వాత పులి వేట నేరం.

1947 చివర్లో అక్క మ్యాగీతో కలిసి కెన్యా వెళ్లిపోయాడు. పుట్టిన నేల కాదది. 1955 ఏప్రిల్ 19న అక్కడే న్యేరి ఊళ్లో పోయాడు, సమాధీ అక్కడే. కాలాధుంగి ఇల్లు ఇప్పుడు మ్యూజియం. రిగ్బీ రైఫిల్‌ని 2015లో దాన్ని తయారుచేసిన కంపెనీయే మళ్లీ కొనుక్కుంది. మరుసటేడు కార్బెట్ తిరిగిన కొండలకు తెచ్చి అక్కడి జనానికి చూపించింది. చంపావత్ పులి పేరు చెక్కిన వెండి బిళ్ల దాని చెక్క మీద ఇంకా ఉంది.