డోర్నకల్‌నే సొంత ఊరు చేసుకున్న అజరయ్య

డోర్నకల్ పెద్ద చర్చి గుమ్మటాలు మసీదును, తామరపూల స్తంభాలు గుడిని తలపిస్తాయి. 1939లో ప్రతిష్ఠ జరిగిన ఈ చర్చిని కట్టించినాయన తెలుగువారు కారు.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి జిల్లాలో ఒక పాస్టరుగారి ఇంట పుట్టారు. మద్రాసులో చదివారు గాని డిగ్రీ చేతికి రాలేదు. వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా ఊళ్లు తిరుగుతూ మంచి పేరే తెచ్చుకున్నారు. 1902లో జాఫ్నా వెళ్లగా, అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొమ్ముతోనే సువార్త పని చేయించడం కనిపించింది. మన దేశంలో ఆ పని దొరలకే వదిలేశామన్న బాధ ఆయనను పట్టుకుంది. 1903లో తిరునెల్వేలిలో మిషనరీ సంఘం పెట్టారు. సంఘం డోర్నకల్ ప్రాంతాన్ని ఎంచుకుంది. ఇతరులను పంపి తాను ఆఫీసులో కూర్చోవడం ఆయనకు సరిపడలేదు. 1909లో ఉద్యోగం మాని, అప్పటి నిజాం రాజ్యంలోని ఈ పల్లెకు వచ్చేశారు. ముప్పై అయిదేళ్ల వయసులో తెలుగు పట్టుదలగా నేర్చారు.

మరుసటి ఏడు ఎడిన్‌బరో మహాసభలో, మిషనరీ దొరలు భారతీయులను స్నేహితులుగా చూడడం లేదని వారి ముఖానే చెప్పారు. అయినా 1912లో ఆయననే బిషప్పును చేశారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే.

పదవి వచ్చినా ఎడ్లబండి, సైకిలు వదలలేదు. మాల, మాదిగ వాడల్లో మురికి, జబ్బు, అప్పు, తాగుడు అనే నాలుగింటి మీద పోరాడారు. (అవి మన ఊళ్లను ఇంకా పూర్తిగా వదల్లేదనుకోండి.) మత మార్పిళ్లను గాంధీజీ తప్పుపట్టినా తన పట్టు సడలించలేదు.

1945 జనవరి 1న కన్నుమూశారు. సమాధి డోర్నకల్‌లోనే ఉంది.