పీటర్ సఫార్

పీటర్ సఫార్ (ఏప్రిల్ 12, 1924 - ఆగష్టు 3, 2003) ఆస్ట్రియాలో జన్మించి అమెరికాలో స్థిరపడిన మత్తువైద్య నిపుణుడు, పరిశోధకుడు. ఊపిరి, గుండె ఆగిపోయిన వ్యక్తిని అక్కడికక్కడే బ్రతికించేందుకు చేసే సి.పి.ఆర్. అనే ప్రథమ చికిత్సను రూపొందించినవారిలో ప్రముఖుడు. గుండె తిరిగి కొట్టుకొన్నంత మాత్రాన చికిత్స పూర్తి కాదని, మెదడును కాపాడడమే అసలు లక్ష్యమని భావించి, తన జీవితంలోని చివరి దశాబ్దాలను ఆ పరిశోధనకే వినియోగించాడు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఆయన నెలకొల్పిన పరిశోధన కేంద్రం పిల్లలలో తలకు తగిలే తీవ్ర గాయాల మీద, గుండె ఆగిపోవడం వలన మెదడుకు కలిగే హాని మీద జరిగిన పరిశోధనలకు ముఖ్యస్థానమైంది.

బాల్యం, విద్యాభ్యాసం

సఫార్ 1924లో వియన్నా నగరంలో జన్మించాడు. తండ్రి కార్ల్ నేత్ర వైద్యుడు, తల్లి వింకా పిల్లల వైద్యురాలు. 1938లో జర్మనీ ఆస్ట్రియాను ఆక్రమించిన తరువాత ఆ కుటుంబం కష్టాలపాలైంది. నాజీ పార్టీలో చేరడానికి నిరాకరించినందుకు తండ్రి, పూర్వీకులలో యూదులు ఉన్నందుకు తల్లి తమ ఉద్యోగాలను కోల్పోయారు. పీటర్‌ను నిర్బంధ శ్రామిక శిబిరానికి పంపారు. ఆ తరువాత సైన్యంలో చేరవలసి వచ్చింది. తనకున్న చర్మవ్యాధిని ఒక లేపనంతో కావాలనే ముదిరేటట్లు చేసుకొని యుద్ధరంగానికి వెళ్ళకుండా తప్పించుకొన్నాడు.

1943లో వియన్నా విశ్వవిద్యాలయంలో వైద్య విద్య ప్రారంభించి 1948లో పట్టా పొందాడు. 1949లో శస్త్రచికిత్సలో శిక్షణ కోసం అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. 1950లో ఈవాను వివాహం చేసుకొన్నాడు. శస్త్రచికిత్స అభివృద్ధి చెందాలంటే మత్తువైద్యం ముందుగా అభివృద్ధి చెందాలని గ్రహించి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ డ్రిప్స్ వద్ద ఆ శాఖలో శిక్షణ పొందాడు. 1952లో పెరూ దేశపు రాజధాని లీమాలోని క్యాన్సర్ ఆసుపత్రిలో మత్తువైద్య విభాగాన్ని నెలకొల్పాడు. 1954లో అమెరికాకు తిరిగివచ్చి బాల్టిమోర్ నగరంలో స్థిరపడ్డాడు.

కృత్రిమ శ్వాసపై ప్రయోగాలు

ఆ రోజులలో నీట మునిగినవారికి, ఊపిరి ఆగినవారికి వీపు మీద గాని రొమ్ము మీద గాని నొక్కి, చేతులు పైకెత్తి దించే పద్ధతులను బోధించేవారు. 1956లో ఒక వైద్య సమావేశం నుండి తిరిగివస్తూ జేమ్స్ ఎలామ్ అనే వైద్యునితో కలిసి ప్రయాణించే అవకాశం సఫార్‌కు కలిగింది. మనం బయటకు విడిచే గాలిలో కూడా 16 శాతానికి పైగా ప్రాణవాయువు ఉంటుందనీ, మరొకరి రక్తంలో ప్రాణవాయువు తగ్గకుండా చూడడానికి అది సరిపోతుందనీ ఎలామ్ అప్పటికే చూపించాడు. అయితే సామాన్యుడు ఏ పరికరమూ లేకుండా ఈ పని చేయగలడా అన్నది తేలలేదు.

దీనిని తేల్చడానికి సఫార్ బాల్టిమోర్‌లో ప్రయోగాలు మొదలుపెట్టాడు. స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన వైద్యులకు, వైద్య విద్యార్థులకు మత్తు ఇచ్చి, కండరాలు పనిచేయకుండా చేసే మందుతో వారి శ్వాసను తాత్కాలికంగా ఆపివేసి, వేరువేరు పద్ధతులలో కృత్రిమ శ్వాస అందించి ఫలితాలను కొలిచాడు. స్పృహ లేని మనిషి మెడ ముందుకు వంగినప్పుడు నాలుక వెనుకకు జారి గొంతును మూసివేస్తుందని, తలను వెనుకకు వంచి దవడను పైకెత్తితే దారి తెరుచుకొంటుందని స్పష్టమైంది. పాత పద్ధతులలో చాలాసార్లు ఊపిరితిత్తులలోకి గాలి దాదాపు చేరనే లేదు. నోటితో ఊదిన గాలి మాత్రం చేరింది. శిక్షణ లేని సామాన్యులు కూడా దీనిని చేయగలిగారు. ఈ ఫలితాలు 1958లో ప్రచురితమైన తరువాత పాత పద్ధతులు క్రమంగా కనుమరుగయ్యాయి.

సి.పి.ఆర్. రూపకల్పన

1960లో అదే నగరంలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అనే ముగ్గురు రొమ్ము తెరవకుండానే బయటనుండి నొక్కి రక్తప్రసరణను కొనసాగించవచ్చునని ప్రకటించారు. గుండెను నొక్కడం ఒక్కటే శ్వాసను అందించలేదని సఫార్ చూపించాడు. శ్వాసమార్గం, శ్వాస, రక్తప్రసరణ అనే మూడు మెట్లను ఎ, బి, సి అక్షరాలతో సులభంగా గుర్తుండేటట్లు కూర్చి ఒకే విధానంగా ప్రచారం చేశాడు.

ఈ విద్య వైద్యులకే పరిమితం కారాదని ఆయన అభిప్రాయం. నార్వేకు చెందిన వైద్యుడు బ్యోర్న్ లిండ్, బొమ్మల తయారీదారు ఆస్మండ్ లేర్డల్ ఆయన కృషితో ప్రభావితులయ్యారు. అభ్యాసం కోసం లేర్డల్ తయారుచేసిన రెససీ యాన్ అనే బొమ్మ 1960లో వెలువడింది. గుండె నొక్కడాన్ని కూడా నేర్పేందుకు బొమ్మ రొమ్ములో స్ప్రింగు అమర్చమని సలహా ఇచ్చినవాడు సఫారే.

1958లో బాల్టిమోర్ సిటీ ఆసుపత్రిలో రాత్రింబవళ్ళు వైద్యులు అందుబాటులో ఉండే ఇంటెన్సివ్ కేర్ విభాగాన్ని ప్రారంభించాడు. అమెరికాలో ఇటువంటి విభాగాలలో ఇది మొట్టమొదటిదిగా పరిగణింపబడుతున్నది. 1961లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి అక్కడ మత్తువైద్య విభాగాన్ని స్థాపించాడు.

కుమార్తె మరణం

1966లో సఫార్ కుమార్తె ఎలిజబెత్‌కు ఉబ్బసం తీవ్రమై ఊపిరి, గుండె ఆగిపోయాయి. గుండెను తిరిగి పనిచేయించగలిగినా మెదడు కోలుకోలేదు. ఆ బాలిక మరణించింది. తాను రూపొందించిన చికిత్స ఎంతవరకు పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో సఫార్‌కు తన ఇంటిలోనే తెలిసివచ్చింది. ఆసుపత్రికి చేరేలోపు జరిగే ఆలస్యాన్ని తగ్గించడం, గుండె తిరిగి కొట్టుకొన్న తరువాత మెదడును రక్షించడం అనే రెండు లక్ష్యాలు ఆయన తదుపరి కృషిని నడిపించాయి.

ఫ్రీడమ్ హౌస్ అంబులెన్సు

1960లలో పిట్స్‌బర్గ్‌లో రోగులను చాలావరకు పోలీసు వాహనాలలో తరలించేవారు. దారిలో చికిత్స చేసేవారు ఉండేవారు కాదు. 1967లో హిల్ డిస్ట్రిక్ట్ అనే ప్రాంతంలోని నల్లజాతి యువకులను, వారిలో అనేకమంది నిరుద్యోగులను, ఎంపికచేసి వారికి శరీరశాస్త్రం, సి.పి.ఆర్., అత్యవసర చికిత్సలలో నెలల తరబడి శిక్షణ ఇప్పించే పథకానికి సఫార్ రూపమిచ్చాడు. ఫిలిప్ హాలెన్ అనే దాతృత్వ సంస్థ నిర్వాహకుడు ఇందుకు తోడ్పడ్డాడు. ఫ్రీడమ్ హౌస్ అంబులెన్సు సర్వీసుగా ప్రసిద్ధమైన ఈ సేవ అమెరికాలో పారామెడిక్ వ్యవస్థకు మార్గదర్శకమైంది. 1970లలో నాన్సీ కెరొలైన్ అనే యువ వైద్యురాలు దీని వైద్య బాధ్యతలు చేపట్టింది. నగరపాలక సంస్థ సొంత సేవను ప్రారంభించడంతో 1975లో ఫ్రీడమ్ హౌస్ మూతపడింది. అందులోని అనుభవజ్ఞులు అనేకులకు కొత్త వ్యవస్థలో తగిన స్థానం దక్కలేదు.

మెదడు రక్షణపై పరిశోధన

రక్తప్రసరణ ఆగిన కొద్ది సెకనులలోనే మెదడులోని ప్రాణవాయువు అయిపోతుంది, స్పృహ పోతుంది. కొద్ది నిమిషాలు దాటితే శాశ్వతమైన హాని మొదలవుతుంది. అయితే హాని అంతా ఆ నిమిషాలలోనే పూర్తికాదని, రక్తం తిరిగి ప్రవహించిన తరువాత గంటలు, రోజుల పాటు కణాలు నశిస్తూనే ఉంటాయని పరిశోధనలు సూచించాయి. ఆ వ్యవధిలో ఏదైనా చేయగలిగితే మెదడు దక్కుతుందన్నది సఫార్ ఆశ. సి.పి.ఆర్. పేరులో మెదడును కూడా చేర్చాలని ఆయన ప్రతిపాదించాడు. 1979లో విభాగాధిపతి బాధ్యతల నుండి తప్పుకొని అంతర్జాతీయ పునరుజ్జీవన పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పాడు.

మొదటి ప్రయత్నాలు విజయవంతం కాలేదు. థయోపెంటాల్ అనే మత్తుమందు కోతుల మెదడును కాపాడినట్లు 1978లో ఆయన బృందం ప్రకటించింది. కాని అనేక దేశాల ఆసుపత్రులలో 262 మంది రోగులపై జరిపిన పరీక్షలో దానివలన చెప్పుకోదగిన మేలు జరగలేదని 1986లో తేలింది. లిడోఫ్లజీన్ అనే మరొక మందు విషయంలో కూడా 1991లో ఇదే ఫలితం వచ్చింది. తన ఆశలకు విరుద్ధమైన ఈ ఫలితాలను ఆ బృందమే ప్రచురించింది.

శరీరాన్ని చల్లబరచడం వలన మెదడుకు మేలు కలుగుతుందన్న ఆలోచన 1950లలోనే ఉన్నా, బాగా చల్లబరిస్తే గుండె లయ తప్పడం, అంటువ్యాధులు సోకడం వంటి చిక్కులు ఎదురై అది మూలపడింది. 1980లలో సఫార్ బృందం కుక్కలపై ప్రయోగాలు చేసి, కొద్ది డిగ్రీలు తగ్గించినా ప్రయోజనం ఉంటుందని చూపించింది. 2002లో యూరప్, ఆస్ట్రేలియాలలో పెద్దవారిపై జరిగిన రెండు పరీక్షల ఫలితాలు వెలువడ్డాయి. యూరప్ పరీక్షలో చల్లబరచినవారిలో 55 శాతం, మిగిలినవారిలో 39 శాతం మెదడు పనితీరు బాగుండి కోలుకొన్నారు. ఈ పరీక్షకు వియన్నా, అనగా సఫార్ జన్మస్థలం, కేంద్రం కావడం విశేషం. అయితే 2013, 2021లలో వెలువడిన మరింత పెద్ద పరీక్షలలో 33 డిగ్రీలకు చల్లబరచినందువలన అదనపు మేలు కనిపించలేదు. దానితో జ్వరం రాకుండా చూడడానికి ప్రాధాన్యం పెరిగింది.

పిల్లలకు సంబంధించిన పరిశోధనలు

1994లో సఫార్ కేంద్రం బాధ్యతలను పిల్లల ఇంటెన్సివ్ కేర్ నిపుణుడైన ప్యాట్రిక్ కోచనెక్ స్వీకరించాడు. కేంద్రానికి సఫార్ పేరు పెట్టారు. అప్పటినుండి పిల్లల మెదడు గాయాలకు అక్కడ ప్రత్యేక స్థానం లభించింది.

పెద్దవారిలో సాధారణంగా గుండెజబ్బు వలన గుండె ఆకస్మికంగా ఆగుతుంది. పిల్లలలో ఎక్కువగా ముందు శ్వాస కుంటుపడి, ప్రాణవాయువు తగ్గి, చివరకు గుండె ఆగుతుంది. నీట మునగడం, ఊపిరితిత్తుల జబ్బులు ఇటువంటివి. ఎలిజబెత్ విషయంలో జరిగినది కూడా ఇదే. కాబట్టి పెద్దవారిలో వచ్చిన ఫలితాలను పిల్లలకు యథాతథంగా అన్వయించడానికి వీలులేదు. 2010లో అమెరికా మార్గదర్శకాలు గుండె నొక్కడాన్ని మొదటి మెట్టుగా మార్చినా, పిల్లలకు నోటితో శ్వాస అందించడం ముఖ్యమని చెప్పడానికి కారణం ఇదే.

తలకు గాయమైనప్పుడు కూడా దెబ్బతో కలిగే హాని ఒకటైతే, తరువాత వాపు, రక్తపోటు పడిపోవడం, ప్రాణవాయువు కొరత వలన కలిగే హాని మరొకటి. ఈ రెండవ హాని చికిత్సకు లొంగగలదు. తీవ్రంగా గాయపడిన పిల్లల మెదడు నుండి ఒత్తిడి తగ్గించడానికి తీసివేసే ద్రవాన్ని పరీక్షించి, ఈ హాని ఏ క్రమంలో జరుగుతుందో పిట్స్‌బర్గ్ పరిశోధకులు అధ్యయనం చేశారు. పిల్లల తీవ్ర మెదడు గాయాల చికిత్సకు 2012, 2019లలో వెలువడిన మార్గదర్శకాలకు కోచనెక్ ప్రధాన రచయిత.

చల్లబరిచే చికిత్స పిల్లలలో ఆశించిన ఫలితం ఇవ్వలేదు. తలకు గాయమైన 225 మంది పిల్లలపై జరిగి 2008లో ప్రచురితమైన పరీక్షలో చల్లబరచినవారిలో 21 శాతం, మిగిలినవారిలో 14 శాతం మరణించారు. 2013లో ప్రచురితమైన మరొక పరీక్షను ప్రయోజనం కనిపించనందున మధ్యలోనే ఆపివేశారు. ఆసుపత్రి వెలుపల గుండె ఆగిన పిల్లలపై 2015లో వెలువడిన పరీక్షలో ఒక సంవత్సరం తరువాత బాగున్నవారు చల్లబరచిన వర్గంలో 20 శాతం, సాధారణ ఉష్ణోగ్రతలో ఉంచిన వర్గంలో 12 శాతం. ఈ తేడా కాకతాళీయం కావచ్చునన్న అనుమానం తొలగిపోలేదు. రెండు వర్గాలలోనూ జ్వరాన్ని రానివ్వకపోవడం గమనించదగినది.

చివరి సంవత్సరాలు, మరణం

మాక్స్ హ్యారీ వైల్, విలియం షూమేకర్‌లతో కలిసి సఫార్ 1970లో క్రిటికల్ కేర్ వైద్యుల సంఘాన్ని ఏర్పాటు చేశాడు. 1976లో జర్మనీలోని మైంజ్ నగరంలో విపత్తుల వైద్యంపై ఏర్పడిన అంతర్జాతీయ సంఘానికి కూడా ఆయన వ్యవస్థాపక సభ్యుడు. విపరీతంగా రక్తం కోల్పోయినవారి శరీరాన్ని వేగంగా చల్లబరచి శస్త్రచికిత్సకు వ్యవధి సంపాదించే పద్ధతిపై చివరి వరకు పనిచేశాడు. 2002లో చల్లబరిచే చికిత్స పరీక్షలపై వైద్య పత్రికలో కోచనెక్‌తో కలిసి సంపాదకీయం వ్రాశాడు.

సఫార్ 2003 ఆగష్టు 3న పిట్స్‌బర్గ్ సమీపంలోని తన స్వగృహంలో క్యాన్సర్‌తో మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 79 సంవత్సరాలు. ఆయనకు భార్య ఈవా, కుమారులు ఫిలిప్, పాల్ ఉన్నారు. గుండె ఆగిన బాలల మెదడును సంపూర్ణంగా కాపాడగల మందు నేటికీ లభించలేదు. ఆయన పేరుతో ఉన్న కేంద్రం ఆ అన్వేషణను కొనసాగిస్తున్నది.