చాపకూటి సేనాని కన్నమదాసు

పన్నెండవ శతాబ్దిలో పల్నాటి సీమయందు మాచర్ల పక్షమున సేనానియై నిలిచిన మహావీరుడు కన్నమదాసు. అంటరానితనపు బాధకు లోనైన మాల కులమున జన్మించిన ఆయనను మంత్రి బ్రహ్మనాయుడు పుత్రునిగా స్వీకరించాడని వీరగాథలు చెబుతున్నవి. బ్రహ్మనాయుడు పరమ వైష్ణవుడు, మాచర్ల చెన్నకేశవస్వామి భక్తుడు. స్వామి ఎదుట ఎక్కువ తక్కువలు లేవని తలచి, సకల కులాల వారిని ఒకే పంక్తిని కూర్చుండబెట్టి చాపకూడు నడిపాడు. ఆ పంక్తిలో కూర్చున్న కన్నమదాసుకే సైన్యాన్ని అప్పగించాడు. ఆ కాలమున అది సామాన్యమైన సాహసం కాదు.

1182 ప్రాంతమున కారంపూడి వద్ద, నాగులేటి ఒడ్డున మాచర్ల, గురజాల సేనలు తలపడినవి. కన్నమదాసు తనను ఆదరించిన స్వామి పక్షమున కడవరకు నిలిచాడు. ఉభయపక్షాల వీరులు నేలకొరిగారు. గెలుపు ఎవరికీ సుఖమీయలేదు.

చైనాలో సుమారు క్రీ.శ. 220లో శత్రువుల చేజిక్కి హతుడైన సేనాని గ్వాన్ యూ కూడ స్వామిభక్తి చేతనే వేలుపై నేటికీ పూజలందుకొంటున్నాడు. జనులు కొలిచేది విజయాన్ని కాదు, విశ్వాసాన్ని.

ఏటా కార్తిక అమావాస్య నుండి ఐదు దినాలు కారంపూడి వీరుల గుడిలో కన్నమదాసాది వీరులకు ఆరాధన జరుగుతుంది. మందపోరు నాడు చాపకూడు వడ్డిస్తారు. కులమడగని ఆ పంక్తిలో అన్నం స్వీకరించడమే ఆ వీరునికి తగిన పూజ.