నార్బర్ట్ వీనర్

నార్బర్ట్ వీనర్ (నవంబరు 26, 1894 - మార్చి 18, 1964) అమెరికా దేశానికి చెందిన సుప్రసిద్ధ గణిత శాస్త్రవేత్త. యంత్రాలలోను, ప్రాణులలోను సమాచార ప్రసారం, నియంత్రణ ఏ విధంగా జరుగుతాయో వివరించే సైబర్నెటిక్స్ అనే శాస్త్రానికి ఆద్యుడు. కంప్యూటర్ల తొలినాళ్ళలోనే, యంత్రాన్ని సృష్టించినవాడు దాని పర్యవసానాలకు కూడా బాధ్యుడని వాదించి, ఆ వాదాన్ని తన జీవితంలో ఆచరణలో పెట్టడానికి ప్రయత్నించిన కొద్దిమందిలో వీనర్ ఒకడు.

బాల్యం, విద్య

వీనర్ మిస్సోరి రాష్ట్రంలోని కొలంబియా పట్టణంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. తండ్రి లియో వీనర్ బహుభాషావేత్త, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో స్లావిక్ భాషల ఆచార్యుడు. తల్లి బెర్తా. తండ్రి కుమారునికి ఇంటివద్దనే కఠినమైన శిక్షణ ఇచ్చాడు. ఫలితంగా వీనర్ 11వ ఏట ఉన్నత పాఠశాల చదువు, 14వ ఏట టఫ్ట్స్ కళాశాలలో పట్టభద్రత పూర్తిచేశాడు. హార్వర్డ్‌లో జంతుశాస్త్రం, కార్నెల్‌లో తత్త్వశాస్త్రం కొంతకాలం చదివి, తిరిగి హార్వర్డ్ చేరి, గణిత తర్కంపై పరిశోధనకు 1913లో డాక్టరేటు పొందాడు. అప్పటికి ఆయన వయసు 18 సంవత్సరాలు. అనంతరం కేంబ్రిడ్జిలో బెర్ట్రాండ్ రస్సెల్ వద్ద, గొట్టింగెన్‌లో డేవిడ్ హిల్బర్ట్ వద్ద అధ్యయనం చేశాడు. బాలమేధావిగా పెరగడంలోని కష్టాలను 1953లో ప్రచురించిన ఆత్మకథ మొదటి సంపుటంలో దాపరికం లేకుండా వ్రాసుకున్నాడు. పిల్లల చదువుల విషయంలో తొందరపడే తల్లిదండ్రులు చదువవలసిన పుస్తకమది.

ఆచార్యునిగా

1919లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో (ఎం.ఐ.టి.) గణిత బోధకునిగా చేరి, జీవితాంతం ఆ సంస్థలోనే పనిచేశాడు. ద్రవంలో తేలే సూక్ష్మ రేణువుల అస్తవ్యస్త చలనానికి (బ్రౌనియన్ చలనం) పటిష్ఠమైన గణిత రూపం ఇచ్చాడు. దీనినే వీనర్ ప్రక్రియ అంటారు. 1926లో మార్గరెట్ ఎంగెమన్‌ను వివాహమాడాడు. వీరికి ఇద్దరు కుమార్తెలు. ఆయన మతిమరుపు గురించి ఎన్నో కథలు ప్రచారంలో ఉన్నాయి గాని, వాటిలో అతిశయోక్తులే ఎక్కువ.

యుద్ధకాలపు పరిశోధన

రెండవ ప్రపంచ యుద్ధంలో వీనర్‌కు అప్పగించిన సమస్య శత్రు విమానాలను కూల్చే ఫిరంగులకు సంబంధించినది. పేల్చిన గుండు ఆకాశానికి చేరేలోగా విమానం చాలా దూరం ముందుకు పోతుంది. కనుక విమానం ఉన్నచోటికి గాక, ఉండబోయే చోటికి గురిపెట్టాలి. జూలియన్ బిగెలో అనే ఇంజనీరుతో కలిసి, గడిచిన గమనాన్ని బట్టి రాబోయే స్థానాన్ని అంచనా వేసే గణిత పద్ధతిని రూపొందించి, 1942లో ఒక రహస్య నివేదిక సమర్పించాడు. ఆ పరికరం యుద్ధంలో వినియోగానికి రాలేదు. అయితే ఆ కృషిలోనే ఫీడ్‌బ్యాక్ ప్రాముఖ్యం ఆయనకు స్పష్టమైంది. చెంబు అందుకోబోయే చెయ్యి ఎంత దూరంలో ఉన్నదో కన్ను చూస్తూ ఉంటుంది, చెయ్యి ఆ మేరకు సర్దుకుంటూ ఉంటుంది. ఫలితాన్ని గమనించి తరువాతి చర్యను సరిదిద్దుకొనే ఈ పద్ధతి యంత్రానికీ, నాడీమండలానికీ సమానమేనని వీనర్, మెక్సికో శరీరధర్మ శాస్త్రవేత్త ఆర్తురో రోసెన్‌బ్లూత్, బిగెలో కలిసి 1943లో ఒక వ్యాసంలో ప్రతిపాదించారు.

1947 నాటి లేఖ

1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకి నగరాలపై అణుబాంబులు పడిన తరువాత వీనర్ తీవ్రమైన మానసిక సంఘర్షణకు లోనయ్యాడు. తాను వ్రాసినది ఎవరి చేతికి చేరుతుందో, దేనికి ఉపయోగపడుతుందో తెలియకుండా వ్రాయడం సబబేనా అన్నది ఆయన ముందున్న ప్రశ్న. కొంతకాలానికి ఒక విమాన తయారీ సంస్థలో క్షిపణుల మీద పనిచేస్తున్న పరిశోధకుడు 1942 నాటి నివేదిక ప్రతిని కోరాడు. వీనర్ ఇవ్వడానికి నిరాకరించాడు. క్షిపణులు ఆత్మరక్షణకు పనికిరావని, సామాన్య పౌరులను విచక్షణ లేకుండా చంపడానికే పనికివస్తాయని, బాధ్యతలేని యుద్ధప్రియుల చేతిలో హాని కలిగించగల పరిశోధనను ఇకపై ప్రచురించబోనని ఆ జవాబు సారాంశం. ఇది 1947 జనవరిలో అట్లాంటిక్ మంత్లీ పత్రికలో అచ్చయి పెద్ద చర్చకు దారితీసింది. అదే నెలలో హార్వర్డ్‌లో జరిగిన గణనయంత్రాల సదస్సు నుండి కూడా ఆయన తప్పుకున్నాడు.

ఈ నిరాకరణ వల్ల క్షిపణుల నిర్మాణం ఆగలేదు. ఆ నివేదికే యుద్ధానంతరం రహస్య ముద్ర తొలగి, 1949లో పుస్తకంగా అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఒక్కడు మౌనం వహించినంత మాత్రాన జ్ఞానం ఆగదని వీనర్‌కు కూడా తెలుసు. అందుచేతనే 1948లో వెలువరించిన సైబర్నెటిక్స్ గ్రంథంలో తన ఆలోచనలను దాచక, వాటి మంచిచెడులు ప్రజలకు తెలియజెప్పే మార్గాన్ని ఎంచుకున్నాడు. ఓడకు చుక్కాని పట్టేవాడు అనే అర్థమిచ్చే గ్రీకు పదం నుండి ఆ పేరు తీసుకున్నాడు. సైబర్ నేరం, సైబర్ భద్రత వంటి మాటలకు, మన హైదరాబాదులోని సైబరాబాదుకు కూడా మూలం ఆ పదమే.

యంత్రాలు, ఉపాధి

1949లో వీనర్ అమెరికా మోటారు కార్మిక సంఘం అధ్యక్షుడు వాల్టర్ రూథర్‌కు లేఖ వ్రాశాడు. కంప్యూటర్లు నడిపే కర్మాగారాలు త్వరలోనే రానున్నాయని, వాటివల్ల కలిగే నిరుద్యోగాన్ని ఎదుర్కొనడానికి కార్మికులు ముందుగానే సిద్ధపడాలని హెచ్చరించాడు. ఒక విశ్వవిద్యాలయ ఆచార్యుడు పిలవకుండానే కార్మిక నాయకుని తలుపు తట్టడం ఆ రోజుల్లో అరుదు. రూథర్ కూడా ఆసక్తితో స్పందించాడు. 1950లో సామాన్య పాఠకుల కోసం వ్రాసిన ద హ్యూమన్ యూజ్ ఆఫ్ హ్యూమన్ బీయింగ్స్ గ్రంథంలో, మనిషిని యంత్రంలో ఒక చక్రంలా వాడుకోవడం మానవత్వానికి అవమానమని వాదించాడు. యంత్రమే చక్రమైతే మనిషికి మేలే గదా అనవచ్చు. యంత్రంతో పోటీపడే శ్రమకు చివరికి బానిస శ్రమపాటి విలువే మిగులుతుందన్నది ఆయన సమాధానం.

1960లో సైన్స్ పత్రికలో వ్రాసిన వ్యాసం ఇంకా ముందుచూపు గలది. యంత్రం మనం ఆజ్ఞాపించినది చేస్తుంది గాని, మనసులో కోరుకున్నది చేయదు. పైగా అది మనకంటె వేగంగా పనిచేస్తుంది గనుక, పొరపాటు గ్రహించి ఆపేలోగా జరగవలసినది జరిగిపోతుంది. వీనర్ ఇందుకు పాశ్చాత్య జానపద కథలను ఉదాహరించాడు. తెలుగువారికైతే భస్మాసురునికి వరమిచ్చిన శివుని అవస్థ గుర్తుకు వస్తుంది. చెకర్స్ ఆట నేర్చుకొనే ప్రోగ్రాము వ్రాసిన ఆర్థర్ శామ్యూల్ అదే ఏడాది, అదే పత్రికలో దీనిని ఖండించాడు. యంత్రానికి సొంత సంకల్పం ఉండదని, తప్పొప్పులన్నీ ప్రోగ్రాము వ్రాసినవానివేనని ఆయన వాదం. కృత్రిమ మేధ గురించి నేడు జరిగే చర్చలలో ఈ రెండు వాదాలూ తరచు వినిపిస్తుంటాయి. అయితే శామ్యూల్ జవాబులో వీనర్ భయానికి పూర్తి సమాధానం లేదు. సంకల్పం లేని యంత్రం కూడా తనకిచ్చిన తప్పు ఆజ్ఞను తు.చ. తప్పకుండా నెరవేర్చగలదు.

భారతదేశంలో

1955-56లో వీనర్ కలకత్తాలోని భారత గణాంక సంస్థలో సందర్శక ఆచార్యునిగా ఉన్నాడు. ఈ సంస్థను ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1931లో స్థాపించాడు. తెలుగువాడైన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు ఆ కాలంలో అక్కడే పనిచేస్తుండేవాడు. భారతీయ గణితజ్ఞుడు పి.ఆర్.మసానీతో కలిసి వీనర్ భవిష్యత్ అంచనా సిద్ధాంతంపై ముఖ్యమైన పత్రాలు ప్రచురించాడు.

వ్యక్తిత్వం

వీనర్ త్వరగా నొచ్చుకొనే స్వభావం కలవాడు. 1950ల తొలినాళ్ళలో వారెన్ మెక్‌కలక్, వాల్టర్ పిట్స్ వంటి సన్నిహితులతో అకస్మాత్తుగా తెగతెంపులు చేసుకున్నాడు. వీనర్‌ను గురువుగా భావించిన పిట్స్ ఆ దెబ్బనుండి కోలుకోలేదు.

చివరి రోజులు

యంత్రాలకు, మతానికి, నీతికి గల సంబంధాన్ని చర్చించే గాడ్ అండ్ గోలెమ్ ఆయన చివరి గ్రంథాలలో ఒకటి. 1964 జనవరిలో అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ చేతుల మీదుగా జాతీయ విజ్ఞాన పతకం అందుకున్నాడు. రెండు నెలల తరువాత, మార్చి 18న, స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో గుండెపోటుతో మరణించాడు. గాడ్ అండ్ గోలెమ్ గ్రంథానికి 1965లో అమెరికా జాతీయ గ్రంథ పురస్కారం లభించింది. చంద్రుని ఆవలి వైపున ఉన్న ఒక బిలానికి వీనర్ పేరు పెట్టారు.