మాయాచదరాల రామానుజన్

సైనిక్ స్కూలుకో, నవోదయకో పిల్లల్ని తయారుచేస్తున్న ఇంట్లో మాయాచదరం తెలియనివాళ్ళుండరు. తొమ్మిది గళ్ళు, ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు. అడ్డంగా, నిలువుగా, ఐమూలగా ఎటు కూడినా 15 రావాలి. మా వీధి పిల్లలకు సాయంత్రాలు నేనీ లెక్కలు చెబుతుంటాను. మధ్య గడిలో ఏం వెయ్యాలండీ అంటారు. 5 వెయ్యమంటే వేసేసి తరవాతి ప్రశ్నకు పోతారు. ఎందుకు 5 అని అడిగేవాడు ఏడాదికొకడు దొరికితే గొప్ప. ఆ ఎందుకు అన్నదాని వెంటే జీవితమంతా నడిచినవాడు రామానుజన్.

1887 డిసెంబరు 22న ఈరోడ్‌లో, తల్లి పుట్టింట పుట్టాడు. పెరిగింది కుంభకోణంలో. తండ్రి చీరెల కొట్లో గుమాస్తా. 1897లో ప్రైమరీ పరీక్షలో జిల్లాకే మొదటివాడై, మరుసటేడు టౌన్ హైస్కూల్లో చేరాడు. అప్పట్లో పరీక్షలకూ ఆయనకూ మంచి స్నేహమే.

ఆయన నోటుబుక్కుల్లో మొదటి అధ్యాయం మాయాచదరాల మీదే. బడి రోజుల నాటి పని అయివుంటుందని పండితుల అంచనా. మూడు గళ్ళ చదరంలో మధ్యనున్న అడ్డువరస, నిలువువరస, రెండు ఐమూలలు సమానమైన తేడాతో నడుస్తాయని అందులో ఉంది. 2, 5, 8 చూడండి. 4, 5, 6 చూడండి. రుజువులు రాసే అలవాటు ఆయనకు తక్కువ గాని, కారణం మనం పలక మీద తేల్చుకోవచ్చు. మధ్యగడి మీదుగా పోయే వరసలు నాలుగు. ఒక్కొక్కటి 15 కనుక మొత్తం 60. ఆ కూడికలో తొమ్మిది గళ్ళూ ఒక్కొక్కసారి వచ్చాయి, మధ్యది మాత్రం మరో మూడుసార్లు ఎక్కువ వచ్చింది. తొమ్మిది గళ్ళ మొత్తం 45. మిగిలిన 15లో మూడోవంతు 5. అంతే! వరస మొత్తం 48 కావాలంటే మధ్యలో 16 వెయ్యాలి. ఇది తెలిసిన పిల్లవాడు ఏ ప్రవేశ పరీక్షలోనూ ఈ లెక్క దగ్గర తడుముకోడు.

1903లో కార్ అనే ఇంగ్లీషాయన కూర్చిన సూత్రాల పుస్తకం చేతికొచ్చింది. ఇక మిగతా చదువు మీద ధ్యాస పోయింది. 1904లో స్కాలర్‌షిప్పుతో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో చేరాడు గాని, ఇంగ్లీషు వ్యాసంలో తప్పాడు. స్కాలర్‌షిప్పు ఊడింది. టర్ముకు 32 రూపాయల ఫీజు. తండ్రి జీతమా, నెలకు 20! 1905లో ఇంట్లో చెప్పకుండా రైలెక్కి మన విశాఖపట్నం వచ్చేశాడు. కుంభకోణమెక్కడ, విశాఖ ఎక్కడ! పదిహేడేళ్ళ కుర్రాడు పరువు పోయిందని ఎంత దూరం పారిపోయాడో చూడండి. మార్కుల జాబితా గోడకంటించే మేష్టర్లం ఈ దూరాన్ని ఒకసారి లెక్కవేసుకోవాలి.

ఇంటికి చేరాక మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో చేరాడు. శరీరశాస్త్రమంటే ఆయనకు గిట్టేది కాదు. ఎఫ్.ఏ. రెండుసార్లు తప్పాడు. డిగ్రీ లేదు, ఉద్యోగం లేదు. 1909లో జానకితో పెళ్ళయింది. నోటుబుక్కులు చంకన పెట్టుకుని పెద్దమనుషుల గుమ్మాలెక్కాడు. అలా 1910 చివర నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు దగ్గరకు చేరాడు. ఆయన నెలకు 25 రూపాయలు తన జేబులోంచి పంపాడు. కలెక్టర్లు చేసిన మంచిపనుల్లో దీనికి నేను పెద్దపీట వేస్తాను.

1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో 30 రూపాయల గుమాస్తా అయ్యాడు. 1913 జనవరిలో కేంబ్రిడ్జిలోని హార్డీకి ఉత్తరం రాశాడు. తరవాతి కథ అందరికీ తెలిసిందే. ఆ యేడే మద్రాసు విశ్వవిద్యాలయం, ఎఫ్.ఏ. దాటని ఈ మనిషికి నెలకు 75 రూపాయల పరిశోధక వేతనమిచ్చింది. 1914లో ఓడెక్కాడు. 1918లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు, ట్రినిటీ కళాశాల ఫెలో కూడా. జబ్బుతో 1919లో తిరిగొచ్చి, 1920 ఏప్రిల్ 26న మద్రాసులో కన్నుమూశాడు. ముప్పై రెండేళ్ళు.

ఆ నోటుబుక్కులు మద్రాసు విశ్వవిద్యాలయానికే చేరాయి. 1957లో టాటా పరిశోధన సంస్థ వాటిని ఆయన చేతిరాతతోనే రెండు సంపుటాలుగా అచ్చు వేసింది. గ్రంథాలయంలో దొరికితే మొదటి పుటలు తిప్పండి. అవి చదవడానికి హైస్కూలు లెక్కలు చాలు.