పీజో విద్యుత్తు – పియరీ క్యూరీ

క్యూరీ అన్న పేరు వినగానే మనకు రేడియం స్ఫురిస్తుంది. అంతకు పద్దెనిమిది సంవత్సరాల పూర్వమే పియరీ క్యూరీ సాధించిన మరొక ఘనకార్యం మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. దానిని విద్యార్థి మిత్రులకు పరిచయం చేయాలన్నదే మా ఉద్దేశం.

పియరీ 1859 మే 15వ తేదీన పారిస్ నగరంలో ఒక వైద్యుని ఇంట జన్మించారు. బాల్యంలో ఆయన పాఠశాలకు వెళ్లలేదు. చదువంతా ఇంటివద్దనే సాగింది. పద్దెనిమిదవ ఏట పట్టభద్రులై, సోర్బాన్ విశ్వవిద్యాలయంలో ప్రయోగశాల సహాయకులుగా చేరారు. అన్న జాక్ అక్కడే ఖనిజశాస్త్రంలో కృషి చేస్తుండేవారు.

1880లో ఈ సోదరులిద్దరూ క్వార్ట్జ్, టూర్మలిన్, పుష్యరాగం, తుదకు చెరకు పంచదార స్ఫటికాలను సైతం నిర్ణీత దిశలో అదిమి చూశారు. అదిమినప్పుడు ఒక ముఖంపై ధనావేశం, ఎదుటి ముఖంపై ఋణావేశం పొడసూపాయి. బరువు హెచ్చినకొద్దీ ఆవేశమూ హెచ్చింది. ఒత్తిడికి స్ఫటికంలోని ఆవేశాల సమతూకం తప్పడమే ఇందుకు కారణం. దీనికే పీజో విద్యుత్తు అని పేరు.

దీనివల్ల ప్రయోజనమేమిటని ఆనాడు ఎవరైనా అడిగి ఉంటే, చూపడానికి పెద్దగా ఏమీ లేదు. సోదరులు మాత్రం ఈ గుణం ఆధారంగానే అత్యల్ప విద్యుదావేశాలను కొలిచే పరికరాన్ని రూపొందించారు. 1898లో మేరీ క్యూరీ, యురేనియం కిరణాలు గాలిలో కలిగించే సూక్ష్మ విద్యుత్ప్రవాహాన్ని కొలిచింది దానితోనే. ఆ కొలతలే పొలోనియం, రేడియంలకు దారి చూపాయి.

1882 నుండి ఇరవై రెండేళ్లపాటు పియరీ పారిస్ పురపాలక సంఘంవారి భౌతిక, రసాయన విద్యాలయంలో పనిచేశారు. రేడియం పరిశోధన సాగింది అక్కడి ఒక పాత షెడ్డులో. 1903లో నోబెల్ బహుమతి లభించింది. ప్రభుత్వ బిరుదును ఆయన నిరాకరించి, తనకు కావలసినది ప్రయోగశాల అని తెలియజేశారు. 1906 ఏప్రిల్ 19న పారిస్ వీధిలో గుర్రపు బండి క్రిందపడి అకాల మరణం పొందారు. క్యూరీల పరిశోధనల కోసం నిర్మించిన రేడియం సంస్థ భవనాలు 1914లో గాని పూర్తికాలేదు.

ఆయన శిష్యుడు లాంజెవిన్ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో క్వార్ట్జ్ పలకలతో శబ్ద తరంగాలను పుట్టించి జలాంతర్గాములను పసిగట్టే పద్ధతిని రూపొందించారు. నేడు మన వంటింటి గ్యాస్ లైటరులో నిప్పురవ్వ పుట్టించేది ఈ గుణమే. 2006లో అమెరికాలోని జార్జియా సాంకేతిక సంస్థలో జాంగ్ లిన్ వాంగ్, జిన్‌హుయీ సాంగ్ జింక్ ఆక్సైడ్ సూక్ష్మ తంతువులను వంచి విద్యుత్తు రాబట్టారు. అడుగుల తాకిడి, వంతెనల ప్రకంపన, గుండె చలనం వంటి కదలికలనుండే శక్తిని గ్రహించి, బ్యాటరీ లేకుండా పనిచేసే సెన్సర్లకై నేడు విస్తృతంగా పరిశోధనలు జరుగుతున్నాయి.

ఇరవై ఒక్క సంవత్సరాల యువకుడు పంచదార స్ఫటికాన్ని అదిమి చూసిన ఫలం ఇది. తక్షణ ప్రయోజనం కనబడలేదని ఏ ప్రశ్ననూ త్రోసివేయవద్దని విద్యార్థులను, ప్రయోగశాలకై వెచ్చించే ధనాన్ని వృథావ్యయంగా ఎంచవద్దని పెద్దలను మేము సవినయంగా కోరుతున్నాం.