అఖండానంద స్వామి
శ్రీరామకృష్ణుల శిష్యులగు అఖండానంద స్వామి హిమాలయములను, టిబెట్టును కాలినడకన సంచరించిన పరివ్రాజకులు. 1897లో వంగదేశమున ముర్షిదాబాదు మండలము మీదుగా పోవుచు, దాదుపూరు గ్రామమున, కుండ పగిలి యేడ్చుచున్న పేద ముసల్మాను బాలికను చూచిరి. ఇంట వేఱొక కుండ లేదు. తమకడనున్న స్వల్పధనముతో కుండయు, అటుకులును కొనియిచ్చిరి. అంతలో ఆకలిగొన్న పిల్లలు పలువురు చుట్టుమూగిరి. అది కఱవుకాలము. స్వామి యాత్ర అచటనే ఆగెను. మఠము పంపిన ధనముతో, ఇరువురు సాధువుల తోడ్పాటుతో, మే 15న మహులాలో బియ్యము పంచనారంభించిరి.

కఱవు తీఱినను అనాథబాలురు మిగిలిరి. పంచిన బియ్యము వారికెన్నాళ్లు వచ్చును? అందుచే ఆశ్రమము నెలకొల్పి, చదువుతోపాటు నేత, కుట్టుపని, వడ్రంగము, పట్టుపురుగుల పెంపకము నేర్పించిరి. ఆశ్రమము పిమ్మట సారగాఛీకి మాఱెను. 1934లో రామకృష్ణ సంఘాధ్యక్షులైన తరువాతను స్వామి ఎక్కువకాలము ఆ పల్లెలోనే నివసించిరి. 1937 ఫిబ్రవరిలో బేలూరు మఠమున దేహము చాలించిరి.